అచ్చయిన పేపర్‌ని ప్రశ్నించడానికి నేనెవర్ని?

ప్రశ్న: నమస్కారం మేడమ్. నేను ఎం.ఏ. సోషియాలజీ రెండో సెమిస్టర్ చదువుతున్నాను. ఇప్పటికే అచ్చయిన ఒక పరిశోధనని తీసుకుని, విమర్శనాత్మకంగా పరిశీలించి ఆరు పేజీలు రాసుకురమ్మన్నారు మా సార్. నాకు వచ్చింది ఇజ్రాయెల్‌లో పెరోల్ బోర్డుల (శిక్ష పూర్తవకముందే ఖైదీని విడుదల చెయ్యాలా వద్దా తేల్చే బోర్డుల) మీద 2011లో వచ్చిన పేపర్. జడ్జీలు మొదట్లో ఖైదీల అర్జీలు బాగానే ఒప్పుకుంటారనీ, పోనుపోను తోసిపుచ్చుతారనీ, విరామంలో ఏదైనా తిని వచ్చాక మళ్ళీ మెత్తబడతారనీ అందులో ఉంది. నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ 'ఎంత బాగా చేశారో' అనిపించింది తప్ప ఒక్క లోపమూ కనబడలేదు. పైగా పెద్ద పత్రికలో వచ్చింది, రాసినవాళ్ళు ప్రొఫెసర్లు. స్టాటిస్టిక్స్ టేబుల్స్ చూస్తేనే నాకు టెన్షన్. మా క్లాసులో కొందరు 'శాంపిల్ చిన్నది, వేరే దేశాలకి వర్తించదు అని రాసెయ్, ఏ పేపర్‌కైనా సరిపోతుంది' అంటున్నారు. నిజంగా అంతేనా? పేపర్ నచ్చిందని రాస్తే మార్కులు పోతాయా? అసలు తప్పు పట్టడానికి నేనెవర్ని?
— ఒక విద్యార్థిని

జవాబు: మీ క్లాసువాళ్ళ సలహాతో మొదలుపెడతాను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే పని చేశాను. ఎం.ఫిల్.లో నేను రాసిన మొదటి రివ్యూలో 'శాంపిల్ చిన్నది' అని రాసి, పెద్ద విషయం కనిపెట్టినట్టు మురిసిపోయాను. మా గైడ్ ఆ మాట కింద ఎర్ర గీత గీసి పక్కన 'ఎంతుంటే చాలేది? ఎందుకు?' అని రాసి వెనక్కిచ్చారు. నా దగ్గర రెండిటికీ జవాబు లేదు. ఏ పేపర్‌కైనా సరిపోయే విమర్శ దిష్టిబొమ్మలాంటిది. ఏ చేలోనైనా పాతొచ్చు, ఏ పిట్టా దానికి బెదరదు.

అసలు 'విమర్శ' అన్న మాటని మనం తిట్టు అనే అర్థంలో వాడి వాడి పాడుచేసుకున్నాం. సంస్కృతంలో ఆ ధాతువుకి తాకడం అని అర్థం. విమర్శ అంటే తడిమి చూడటం, ఆలోచించడం. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ వేలు పెడితే లోపలికి పోతోంది అని చూడటమన్నమాట. మీ సార్ మిమ్మల్ని తప్పులు వెతికి తెమ్మని అడగలేదు. పేపర్ చెబుతున్న మాట ఎంత పెద్దది, దాని కింద ఉన్న ఆధారం ఎంత, ఈ రెండూ సరితూగుతున్నాయా లేదా చూడమన్నారు. ఇది చెయ్యడానికి ప్రొఫెసర్ కానక్కర్లేదు.

నమ్మకం కుదరడానికి ఒక విద్యార్థి సంగతి చెబుతాను. 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ఒక పేపర్ రాశారు. ప్రభుత్వ రుణం దేశ ఆదాయంలో 90 శాతం దాటిన దేశాల్లో వృద్ధి సగటున మైనస్ 0.1 శాతానికి పడిపోయిందని అందులో లెక్క. పొదుపు చర్యలు కావాలన్న రాజకీయ నాయకులు ఎందరో దాన్ని ఉదహరించారు. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థికి మీకిచ్చినట్టే ఒక క్లాసు పని ఇచ్చారు: ఏదైనా పేపర్ తీసుకుని అవే ఫలితాలు మళ్ళీ రాబట్టమని. అతను ఈ పేపర్ ఎంచుకున్నాడు. ఎన్నిసార్లు చేసినా లెక్క కుదరలేదు. మీలాగే తనదే తప్పనుకున్నాడు. చివరికి రచయితలనే అడిగితే వాళ్ళు ఎక్సెల్ ఫైలు పంపారు. సగటు తీసే సూత్రంలో ఐదు దేశాల వరుసలు కలవలేదు!

ఎక్సెల్ తప్పు కథ బాగా ప్రచారమైంది కానీ, నిజానికి తేడాలో దాని వాటా చిన్నదే. కొన్ని సంవత్సరాల డేటా వదిలెయ్యడం, దేశాలకి ఇచ్చిన తూకం, ఈ రెండూ పెద్దవి. న్యూజిలాండ్‌లో ఒకే ఒక్క సంవత్సరం మైనస్ 7.6 శాతం, బ్రిటన్‌లో 19 సంవత్సరాల సగటు, ఈ రెండిటికీ సమానమైన తూకం ఇచ్చారు. 2013లో హెర్న్‌డన్ తన గురువులు మైఖేల్ యాష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి సరిచేసి చూస్తే మైనస్ 0.1 కాస్తా 2.2 శాతం అయింది. రచయితలు ఎక్సెల్ తప్పు ఒప్పుకున్నారు, మిగతావి ఒప్పుకోలేదు. ఆ వాదన అలా ఉంచండి. 'నేనెవర్ని' అన్నారు కదా, అతనూ క్లాసు పని చేస్తున్న విద్యార్థే.

ఇక మీ పేపర్. నేను ఈ పేపర్‌ని చాలా ఏళ్ళుగా పాఠానికి వాడుతున్నాను, మీ సార్‌ది మంచి ఎంపిక. షాయ్ డాంజిగర్, జోనథన్ లెవావ్, లియోరా అవ్నైమ్-పెస్సో రాసినది. అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో వచ్చింది. ఎనిమిది మంది జడ్జీలు, పది నెలల వ్యవధిలో 50 పని దినాలు, 1,112 తీర్పులు. రోజులో రెండు విరామాలు, అంటే మూడు విడతలు. ప్రతి విడత మొదట్లో అనుకూలమైన తీర్పులు దాదాపు 65 శాతం. విడత చివరికి వచ్చేసరికి దాదాపు సున్నా. విరామం అయ్యాక మళ్ళీ 65 దగ్గరికి. ఆ గ్రాఫ్ చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అందుకే ముందుగా మీ కళ్ళని గ్రాఫ్ నుంచి తిప్పండి.

ఒక తెల్లకాగితం తీసుకుని ఈ పేపర్ ఏమంటోందో మీ మాటల్లో రాయండి. ఒక్క వాక్యంలో ఇమడదని మీకే తెలుస్తుంది. నిజానికి ఇందులో ఒకదాని మీద ఒకటి నిలబడ్డ మూడు మాటలున్నాయి. ఒకటి: విడతలో వెనక వచ్చిన అర్జీకి అనుకూలమైన తీర్పు తక్కువగా వచ్చింది. రెండు: వెనక రావడమే అందుకు కారణం, ఆ ఖైదీల్లో వేరే తేడా ఏమీ లేదు. మూడు: వరుసగా తీర్పులు చెప్పి చెప్పి మనసు అలసిపోవడం వల్ల జడ్జీలు సులువైన దారి, అంటే ఉన్న స్థితిని అలాగే ఉంచే దారి పట్టారు. మొదటిది లెక్క. రెండోది కారణం. మూడోది ఆ కారణం ఎలా పనిచేసిందనే కథ. మొదటిదానికి ఆధారం బలంగా ఉన్నంత మాత్రాన రెండోదానికీ మూడోదానికీ అదే బలం రాదు. నాలుగుసార్లు చదివినా మీకు లోపం కనబడకపోవడానికి కారణం బహుశా మూడింటినీ ఒకే ముద్దగా మింగడమే.

ఇంకొకటి గమనించండి. 'ఆకలేసిన జడ్జీలు' అన్న మాట లోకంలో పాకిపోయింది కానీ, ఆకలిని ఈ పేపర్‌లో ఎవరూ కొలవలేదు. జడ్జీల అలసటనీ కొలవలేదు. తినడం వల్ల కోలుకున్నారా, ఊరికే కాసేపు విశ్రాంతి దొరికినందుకా అన్నది తేల్చలేమని రచయితలే ఒప్పుకున్నారు. పత్రికల శీర్షిక ఒకటి, అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) ఒకటి, లోపల ఉన్నది ఒకటి. గోరంతని కొండంత చేసింది కొన్నిసార్లు పరిశోధకులు కాదు, వాళ్ళ గురించి రాసినవాళ్ళు. మీ ఆరు పేజీల్లో ఎవరి మాటని ఎవరికి అంటగడుతున్నారో జాగ్రత్త.

లోపాల జోలికి వెళ్ళే ముందు ఇందులో ఏం బాగుందో రాయండి, మొహమాటానికి కాకుండా కారణంతో. ఇవి నిజమైన తీర్పులు. విద్యార్థులని గదిలో కూర్చోబెట్టి 'మీరే జడ్జి అయితే ఏం చేస్తారు' అని అడిగిన ప్రయోగం కాదు. జడ్జీలకి తమ మీద పరిశోధన జరుగుతోందన్న స్పృహతో తీరు మార్చుకునే అవకాశం ఇక్కడ లేదు, రికార్డులు తర్వాత తీసి చూశారు కాబట్టి. ఇది చిన్న బలం కాదు.

ఇప్పుడు రెండో మాట. ఇక్కడే ఎక్కువసేపు కూర్చోండి.

కాకతాళీయం అన్న మాట మనకి ఎప్పటినుంచో ఉంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. చూసినవాడు కాకి బరువుకి పండు పడిందంటాడు. పండు పండిపోయి ఎలాగూ రాలిపోయేదేమో, గాలి వీచిందేమో, లేక పండు రాలే చెట్టు మీదే కాకులు వాలుతాయేమో అని అడగడమే పరిశోధన చదవడంలో సగం పని. ఈ పేపర్‌లో కాకి 'వరుసలో స్థానం', పండు 'తీర్పు'. మరి వరుసని ఎవరు నిర్ణయించారు? చీటీలు తీసి పెట్టి ఉంటే సమస్యే లేదు. మొదట వచ్చినవాళ్ళకీ చివర వచ్చినవాళ్ళకీ సగటున తేడా ఉండదు. కానీ చీటీలు తియ్యలేదు. ఖైదీ తరఫు లాయర్ ఎప్పుడు వస్తే దాన్నిబట్టి వరుస అని పేపర్‌లోనే ఉంది. జడ్జీల చేతిలో అది లేదు కాబట్టి పరవాలేదన్నది రచయితల వాదన.

ఆ వాక్యం దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వెయ్యండి: లాయర్ లేని ఖైదీ ఎప్పుడు వస్తాడు?

ఇది అడగడానికి స్టాటిస్టిక్స్ అక్కర్లేదు. అదే ఏడాది అదే పత్రికలో కెరెన్ వైన్‌షాల్-మార్గెల్, జాన్ షాపార్డ్ అనే ఇద్దరు చిన్న లేఖ రాశారు. వాళ్ళు చేసిన పని చాలా మామూలుది: అక్కడ పనిచేసేవాళ్ళని కలిసి 'వరుస ఎలా వేస్తారు' అని అడిగారు. ఒక జైలు తాలూకు కేసులన్నీ పూర్తిచేశాకే విరామం తీసుకోవడానికి బోర్డు ప్రయత్నిస్తుందట. ఒక్కో జైలు కేసుల్లో లాయర్ లేనివాళ్ళు మామూలుగా చివర్న వస్తారట. అలా వచ్చేవాళ్ళకి పెరోల్ దొరికే అవకాశం ఎలాగూ తక్కువే: వాళ్ళు చూసిన లెక్కలో లాయర్ ఉన్నవాళ్ళలో 35 శాతం మందికి దొరికితే లేనివాళ్ళలో 15 శాతం మందికే దొరికింది. అంటే విడత చివర్న తీర్పులు కఠినంగా ఉండటానికి జడ్జి కడుపుతో పనిలేని ఒక కారణం అక్కడే కూర్చుని ఉంది. ఇంకో విషయం కూడా వాళ్ళు ఎత్తారు: వాయిదా వేసిన కేసులని మొదటి పేపర్ తిరస్కరించిన వాటితో కలిపి లెక్కేసింది. 'కాదు' అనడం, 'తర్వాత చూద్దాం' అనడం ఒకటేనా? కావచ్చు, కాకపోవచ్చు. ఖైదీకి ఆరోజు ఇంటికి వెళ్ళే దారి మూసుకుపోయింది కాబట్టి ఒకటే అనొచ్చు. జడ్జి మనసు ఏమనుకుందో తెలుసుకోవాలంటే ఒకటి కాదు. మీరు ఏ పక్షమైనా తీసుకోండి, ఎందుకో రాయండి.

ఇలాంటి చోట చాలామంది విద్యార్థులు 'ఓహో, పేపర్ తప్పన్నమాట' అని పుస్తకం మూసేస్తారు. ఆగండి. డాంజిగర్ బృందం జవాబు ఇచ్చింది: లాయర్ ఉన్నారా లేదా అన్నది కూడా లెక్కలోకి తీసుకుని మళ్ళీ చూశాం, అయినా తగ్గుదల కనిపిస్తోందని. విమర్శని కూడా విమర్శించాలి మరి. తర్వాత 2016లో ఆండ్రియాస్ గ్లోక్నర్ మరో కోణం తెచ్చారు. మొదటి పేపర్ లెక్కల ప్రకారమే అనుకూలమైన తీర్పుకి సగటున ఏడు నిమిషాలకి పైన పట్టింది, తిరస్కరణకి ఐదు నిమిషాలకి పైన. విరామం దగ్గరపడుతున్నప్పుడు ఎక్కువసేపు పట్టేట్టున్న కేసుని మొదలుపెట్టకుండా విరామం తర్వాతకి ఉంచుకుంటే? అప్పుడు విడత చివర మిగిలేవి ఎక్కువగా చిన్నవి, అంటే తిరస్కరణలు. అలసట ఏమీ లేకుండానే, సమయం సర్దుకునే మామూలు తెలివి వల్ల గ్రాఫ్ కిందికి దిగుతుంది. ఆయన కంప్యూటర్‌లో నమూనా తీర్పులతో ఇది చేసి చూపించారు. మొత్తం ప్రభావం దీనివల్లే అని కాదు, పేపర్ చెప్పినంత పెద్దది కాకపోవచ్చని.

పెద్దది అన్నాను కదా, దాని గురించీ అడగాలి. 65 నుంచి సున్నాకి! మనుషుల ప్రవర్తన మీద చేసే పరిశోధనల్లో ఇంత పెద్ద తేడా అరుదు. ఒకటి రెండు గంటల పని, కాస్త ఖాళీ కడుపు ఇంత పని చేయగలిగితే, డాక్టర్లు, పైలట్లు, పరీక్ష పేపర్లు దిద్దే మాలాంటివాళ్ళు రోజూ విరామానికి ముందు ఏం చేసేవాళ్ళం? పరిశోధన అవసరం లేకుండా అందరికీ ఎప్పుడో తెలిసిపోయి ఉండేది. ఫలితం మరీ బాగుంటే అనుమానించమనడం పిసినారితనంలా అనిపిస్తుంది కానీ, నాకు బాగా పనికొచ్చిన అలవాటు అదే.

దీనికి అవతలి కొస కూడా ఉంది. శాంపిల్ బాగా పెద్దదైతే, పట్టించుకోవాల్సినంత లేని సంబంధం కూడా టేబుల్లో నక్షత్రం గుర్తు ('సిగ్నిఫికెంట్' అని, అంటే యాదృచ్ఛికం కాకపోవచ్చని సూచించే గుర్తు) తెచ్చుకుంటుంది. 2019లో ఎమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ 3,55,358 మంది కౌమార వయసు పిల్లల డేటా చూశారు. ఫోన్లు, కంప్యూటర్లు వాడటానికీ పిల్లల మానసిక క్షేమానికీ మధ్య వ్యతిరేక సంబంధం ఉంది. కానీ పిల్లల మధ్య ఉన్న తేడాల్లో అది వివరించేది మహా అయితే 0.4 శాతం. అదే డేటాలో బంగాళాదుంపలు తరచూ తినడానికీ క్షేమానికీ ఉన్న సంబంధం కూడా దాదాపు అంతే! కాబట్టి 'సంబంధం ఉందా' అన్న ప్రశ్న వెనకే 'ఎంత' అని అడగండి. ఎంత అన్నది చెప్పకుండా 'సిగ్నిఫికెంట్' అని మాత్రమే రాసిన పేపర్ మీకు సగమే చెప్పింది.

టేబుల్స్ టెన్షన్ గురించి. పి విలువ 0.05 కన్నా తక్కువ అని చూడగానే 'ఇది నిజమయ్యే అవకాశం 95 శాతం' అని చదువుకుంటారు చాలామంది, లెక్చరర్లతో సహా. అది కాదు దాని అర్థం. నిజంగా ఏ ప్రభావమూ లేదనుకుంటే, ఇంత తేడా లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం ఎంత అన్నది మాత్రమే అది చెబుతుంది. ఒక్కసారి చూస్తే సరే. పదిరకాలుగా విడగొట్టి, ఇరవైసార్లు చూసి, కుదిరినదాన్ని రాస్తే? 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సోన్ అనే ముగ్గురు ఇది ఎంత సులువో చూపించడానికి కావాలనే ఒక ప్రయోగం చేశారు. ఒక పాట విన్న విద్యార్థులు వేరే పాట విన్నవాళ్ళ కన్నా దాదాపు ఒకటిన్నర ఏడాది చిన్నవాళ్ళైపోయారని 'నిరూపించారు'. చిన్నగా అనిపించారని కాదు, వయసే తగ్గిందని! డేటా అబద్ధం కాదు. ఏది కొలిచారో, ఏది పక్కన పెట్టారో, ఎప్పుడు ఆపారో చెప్పకుండా నచ్చింది మాత్రం చూపించారు, అంతే.

మోసం లేకపోయినా ఇది జరుగుతుంది. 2018లో అచ్చయిన ఒక పనిలో ఒకే డేటాని 29 బృందాలకి ఇచ్చి ఒకే ప్రశ్న అడిగారు: ఫుట్‌బాల్ రిఫరీలు నల్లటి ఒంటిరంగు ఉన్న ఆటగాళ్ళకి రెడ్ కార్డు ఎక్కువగా చూపిస్తారా? 20 బృందాలు అవునన్నాయి, 9 బృందాలకి తేల్చి చెప్పేంత ఆధారం దొరకలేదు. అందరూ నిజాయితీపరులే, అందరి దగ్గరా అదే ఫైలు. లెక్కలో ఏ ఏ విషయాలు కలపాలన్న నిర్ణయాలే వేరు. కాబట్టి మీరు టేబుల్లో ప్రతి అంకెనీ అర్థం చేసుకోలేకపోయినా, ఆ టేబుల్ తయారవడానికి ముందు రచయితలు తీసుకున్న నిర్ణయాలేమిటో జాబితా వేసుకోగలరు. ఎవర్ని వదిలేశారు? దేన్ని దేనితో కలిపారు? ఈ లెక్కే చేస్తామని డేటా చూడకముందే ఎక్కడైనా నమోదు చేశారా? వాయిదాల్ని తిరస్కరణల్లో కలపడం అలాంటి నిర్ణయమే. దాన్ని పట్టుకోవడానికి మీకు కావలసింది కాలిక్యులేటర్ కాదు, ఓపిక.

మూడో మాట, అలసట కథ. దీని వేర్లు పేపర్ బయట ఉన్నాయి. మనోబలం ఒక నిల్వలాంటిది, వాడేకొద్దీ తరుగుతుందన్న సిద్ధాంతం 1998 నుంచి మనస్తత్వశాస్త్రంలో బాగా నడిచింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి 2,000 మందికి పైగా మనుషులతో ఒకే పద్ధతిలో దాన్ని పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. ఆ పరీక్షకి వాడిన పని సరైనది కాదని సిద్ధాంతాన్ని నమ్మేవాళ్ళు అభ్యంతరం చెప్పారు, అదీ రాయండి. కానీ 2011లో జడ్జీల పేపర్ రాసినవాళ్ళకి గట్టి నేలలా కనిపించినది ఆ తర్వాత కదిలింది. ఇది వాళ్ళ తప్పు కాదు. 2025 తర్వాత చదువుతున్న మీరు దాన్ని పట్టించుకోకపోతే మాత్రం మీ తప్పే. ఏ పేపర్ చదివినా దాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో గూగుల్ స్కాలర్‌లో ఒక్క గంట చూడండి. నా విద్యార్థుల్లో నూటికి తొంభైమంది ఈ గంట ఎగ్గొడతారు.

పెద్ద పత్రికలో వచ్చిందన్న భయం గురించి ఒక్క లెక్క చాలు. మూడు పేరున్న మనస్తత్వశాస్త్ర పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలని తీసుకుని మళ్ళీ చేసి చూశారు. ఫలితం 2015లో వచ్చింది. మొదటిసారి 97 శాతం అధ్యయనాలకి సిగ్నిఫికెంట్ ఫలితం ఉంటే, రెండోసారి 36 శాతానికే వచ్చింది. పీర్ రివ్యూ అంటే ఇద్దరు ముగ్గురు తీరిక లేని మనుషులు చదివి పరవాలేదనుకోవడం. పనికిమాలినది కాదు, కానీ అగ్నిపరీక్షా కాదు.

ఇక 'శాంపిల్ చిన్నది'. మీ పేపర్‌లో శాంపిల్ ఎంత? 1,112 అని చటుక్కున చెప్పకండి. తీర్పులు 1,112, జడ్జీలు ఎనిమిది మంది. ఈ బోర్డుల్లో వరుస స్థానానికీ తీర్పుకీ సంబంధం ఉందా అన్న ప్రశ్నకి 1,112 బాగానే ఉంది. 'జడ్జీలు ఇలా ప్రవర్తిస్తారు' అన్న మాటకి ఎనిమిది మంది, ఒకే దేశం, ఒకే రకమైన పని. మా గైడ్ అడిగిన 'ఎంతుంటే చాలేది' అన్న ప్రశ్నకి జవాబు ఇలా, చెబుతున్న మాటని బట్టి మారుతుంది. ఎంతమంది అన్నదానికన్నా ఎవరు అన్నది చాలాసార్లు ముఖ్యం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకి లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి బ్యాలెట్ కార్డులు పంపింది, 23 లక్షలకి పైగా తిరిగొచ్చాయి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాలోంచి పేర్లు తీశారు, పైగా జవాబు రాసి పంపేంత ఉత్సాహం ఉన్నవాళ్ళే పంపారు. ఇరవై మూడు లక్షలూ ఎందుకూ కొరగాలేదు.

వేరే దేశాలకి వర్తించదు అని రాయాలనుకుంటే, ఎందుకు వర్తించదో రాయండి. ఇక్కడైతే వరుస వేసే పద్ధతి, లాయర్లు వచ్చే తీరు, వాయిదాల అలవాటు, ఇవి చోటుని బట్టి మారతాయి, వాటి మీదే ఫలితం ఆధారపడి ఉంది. ఇలా రాస్తే ఆ వాక్యానికి ఒక అర్థం ఉంటుంది. 'సాంస్కృతిక భేదాల వల్ల వర్తించదు' అంటే దిష్టిబొమ్మే.

వచ్చే సెమిస్టర్‌లో ఇంటర్వ్యూల మీద, క్షేత్ర పరిశీలన మీద ఆధారపడ్డ పేపర్ చేతికొస్తే ఈ కొలబద్దలన్నీ పట్టుకుని దాని మీద పడకండి. పదిహేను మందితో మాట్లాడినవాళ్ళని 'శాతం ఎంత' అని అడగడం అన్యాయం. అక్కడ అడగాల్సినవి వేరు: ఆ మనుషులని ఎలా కలిశారు, పరిశోధకుడికీ వాళ్ళకీ మధ్య ఉన్న సంబంధం వాళ్ళ మాటని ఎలా మార్చి ఉంటుంది, తన వాదనకి ఎదురొచ్చిన మాటలు కూడా అచ్చులో కనిపిస్తున్నాయా లేక నచ్చిన వాక్యాలే కోట్ చేశాడా.

రాసేటప్పుడు ఒక్క మాట. పేపర్ చివర రచయితలే రాసుకున్న పరిమితుల జాబితాని తిరగరాసి మీ విమర్శలా ఇవ్వకండి. సార్లకి అది మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. ఆరు పేజీల్లో పేపర్ సారాంశం ఒక పేజీ దాటనివ్వకండి. నేనైతే మూడు పేజీలు వరుస గురించే రాస్తాను: ఎలా ఏర్పడింది, లేఖ ఏమంది, జవాబు ఏమంది, గ్లోక్నర్ ఏమన్నారు, వీటన్నిటి తర్వాత రెండో మాటని మీరు ఎంతవరకు నమ్ముతున్నారు. ఏ డేటా దొరికితే మీ అభిప్రాయం మారుతుందో కూడా చెప్పండి. ఉదాహరణకి, వరుసని చీటీలు తీసి నిర్ణయించే బోర్డు ఒకటి ఉంటే, అక్కడా గ్రాఫ్ ఇలాగే దిగితే, నేను నా అనుమానాలు చాలావరకు వెనక్కి తీసుకుంటాను.

నచ్చిందని రాస్తే మార్కులు పోతాయా అన్నారు. నాకూ ఈ పేపర్ ఇష్టమే. ఒక మంచి ప్రశ్నని నిజమైన చోటికి తీసుకెళ్ళి అడిగింది. గ్రాఫ్‌లోని తగ్గుదలని నమ్ముతాను. దానికి కారణం జడ్జి అలసట అన్నదాన్ని సగం నమ్ముతాను. ఆకలి అన్నదాన్ని నమ్మను. మీ లెక్క నా లెక్కకి భిన్నంగా తేలితే అలాగే రాయండి. ముందు మాత్రం ఆ లేఖనీ, దానికి వచ్చిన జవాబునీ లైబ్రరీలో అడిగి తెప్పించుకోండి. రెండూ చిన్నవే, ఒక మధ్యాహ్నం చాలు.